ఇంజన్ విప్పించే ముందు ఆ ఆయిల్ సంగతి తేల్చుకో

తమ్ముడూ, అన్నా అని పిలిచి అడిగావు కాబట్టి చనువుగా నువ్వనే రాస్తున్నాను. నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 2019 మోడల్ బీఎస్4 (పొగ కాలుష్య ప్రమాణం) పన్నెండు టైర్ల లారీ, రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నావు, 5.4 లక్షల కిలోమీటర్లు తిరిగింది, వారంటీ ఎప్పుడో అయిపోయింది. హుజూర్‌నగర్ నుంచి సిమెంటు లోడుతో విశాఖ వెళ్తుంటే నిన్న సాయంత్రం అన్నవరం దాటాక ఆయిల్ లైటు వెలిగింది. కింద టకటకమని శబ్దం మొదలై, రెండు మూడు కిలోమీటర్లలో ఇంజన్ ఒక్కసారిగా ఆగిపోయింది. డ్రైవర్ పది పన్నెండు సార్లు సెల్ఫ్ కొట్టినా తిరగలేదు. క్రేన్‌తో తుని దగ్గర ఒక షెడ్డుకు చేర్చారు. ఆ మెకానిక్ బండిని చూసీ చూడగానే ఫుల్ ఇంజన్ చేయాలి, 4.6 లక్షలు అవుతుంది, రేపు ఉదయానికి అడ్వాన్సు వేస్తే విప్పుతాను అన్నాడు. ఇంకొకరు ఆటోనగర్‌లో పాత ఇంజన్ తెచ్చి వేసుకోమన్నారు. నెలకు 38,000 కిస్తీ, ఇంకా 14 కిస్తీలు మిగిలి ఉన్నాయి. ఏం చేయమంటారు అని నువ్వు అడిగింది.

నేను విజయవాడ ఆటోనగర్‌లో పదకొండేళ్లు ఇంజన్ పని చేసి, తర్వాత సొంతంగా బండ్లు తిప్పుకుంటున్నవాణ్ణి. నీ ప్రశ్న చివర్లో మామూలుగా రాసేసిన ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. "ఆయిల్ తగ్గలేదన్నా, పైగా డిప్‌స్టిక్ మీద గీత దాటి ఉంది, డ్రైవర్ వారం నుంచీ చెబుతూనే ఉన్నాడు" అన్నావు. దానికి ముందు ఇంకో మాట ఉంది, నాలుగు నెలల కిందట ఇంజెక్టర్లు, అంటే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి, రిపేరు చేయించానని. నడిచే బండిలో ఆయిల్ కాస్త తగ్గాలి గానీ పెరగకూడదు. పెరిగిందంటే సంప్‌లోకి, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి, వేరేది వచ్చి చేరుతోంది. అది డీజిల్ అయినా కావాలి, కూలెంట్ నీళ్లయినా కావాలి. ఏది కలిసినా ఆయిల్ బలం పోతుంది. పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంక్. ఆ క్రాంక్‌కూ, అది తిరిగే బేరింగ్‌కూ మధ్య లోహాలను విడదీసి ఉంచేది సన్నని ఆయిల్ పొర ఒక్కటే. అది నిలవకపోతే బేరింగ్ క్రాంక్‌ను పట్టేస్తుంది. నువ్వు చెప్పిన టకటక శబ్దం, ఆయిల్ లైటు, ఆ తర్వాత జామ్ కావడం, అన్నీ ఆ వరసలోనే ఉన్నాయి.

చూడకుండా ఇదేనని నేను ముద్ర వేయడం లేదు. కానీ ఆయిల్‌లో ఏం కలిసింది, ఎక్కడి నుంచి కలిసింది అన్నది తేలకుండా 4.6 లక్షలు పెట్టి ఇంజన్ కట్టిస్తే, కొత్త బేరింగులు కూడా అదే పల్చటి ఆయిల్‌లో తిరుగుతాయి. అందుకే రేపు ఉదయం అడ్వాన్సు వేయొద్దు. ఒక్క రోజు ఆగు. ఆ ఒక్క రోజులో చేయాల్సినవి రాస్తాను.

ముందుగా, ఇంకెవరినీ సెల్ఫ్ కొట్టనివ్వకు. షెడ్డులో కూడా. బేరింగ్ పట్టేసి ఉంటే ప్రతి ప్రయత్నానికీ క్రాంక్ ఇంకాస్త గీసుకుపోతుంది. సిలిండర్‌లో ద్రవం నిండి ఉంటే, పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. గ్రైండింగ్‌తో, అంటే సాన పట్టి నున్నగా చేస్తే, సరిపోయే క్రాంక్ స్క్రాప్‌కు పోయేది చాలాసార్లు ఇలాగే, ఆగిన తర్వాత కొట్టిన సెల్ఫ్ వల్లే.

తర్వాత డ్రైవర్‌తో మాట్లాడు. కోపంతో కాదు, పక్కన కూర్చోబెట్టుకుని. ఆగడానికి ముందు అరగంటలో జరిగిందంతా అడుగు. పొగ ఏ రంగులో వచ్చింది, టెంపరేచర్ ముల్లు ఎక్కడుంది, పికప్ తగ్గిందా, స్పీడ్ బ్రేకర్ మీదో గుంతలోనో కింద ఏదైనా తగిలిందా, చివరిసారి డీజిల్ ఎక్కడ పోయించాడు. ఆ సమయంలో ఇంజన్ ఎలా ఉందో చూసినవాడు అతనొక్కడే. మొదటి మాటే తిట్టుతో మొదలుపెడితే భయానికి సగం దాచేస్తాడు, మెకానిక్ ఆ సగాన్ని నీ డబ్బుతో వెతుక్కోవాలి. వారం నుంచి ఆయిల్ పెరుగుతోందని చెప్పిన డ్రైవర్ అంటే కళ్లు తెరుచుకుని బండి నడిపేవాడే. అతన్ని పోగొట్టుకోకు.

ఇక ఆయిల్. సంప్ నట్టు విప్పించి, మొదట బొట్లుగా వచ్చేదాన్ని శుభ్రమైన గాజు సీసాలో పట్టించు. కూలెంట్ కలిసి ఉంటే నీళ్లు అడుగున చేరతాయి కాబట్టి అవే ముందు వస్తాయి, లేదా ఆయిల్ మజ్జిగ కలిపినట్టు తెల్లగా చిక్కగా వస్తుంది. వేడి పెనం మీద చుక్క వేస్తే చిటపటలాడుతుంది. డీజిల్ కలిసి ఉంటే రంగు నల్లగానే ఉంటుంది గానీ వేళ్ల మధ్య జిగురు ఉండదు, నీళ్లలా జారిపోతుంది, వాసన పట్టిస్తుంది. ఒక అర లీటరు సీసాలో పోసి మూత పెట్టి, తేదీ రాసి నీ దగ్గర ఉంచుకో. ఆయిల్ ఫిల్టర్ పారేయనివ్వకుండా కోయించి, లోపలి కాగితం మడతలు విప్పి ఎండలో చూడు. మెరిసే రజను, రేకు ముక్కలు కనిపిస్తే బేరింగులు పోయినట్టే. ఏమీ లేకుండా శుభ్రంగా ఉంటే కాస్త ఊపిరి పీల్చుకో, జామ్‌కు కారణం వేరే చోట ఉండొచ్చు.

గేర్ న్యూట్రల్‌లో పెట్టించి, క్రాంక్ పుల్లీ వైపు నుంచి గానీ ఫ్లైవీల్ వైపు నుంచి గానీ రాడ్ వేసి ఇంజన్‌ను చేత్తో మెల్లగా తిప్పించు. కాస్త కూడా కదలకపోతే ఇంజెక్టర్లు విప్పించి మళ్లీ తిప్పించు. అప్పుడు తిరిగి, ఏదో ఒక సిలిండర్ నుంచి డీజిలో నీళ్లో చిమ్మితే, అది హైడ్రో లాక్. ఇంజెక్టర్ మూసుకోకుండా తెరుచుకునే ఉండిపోతే సిలిండర్ డీజిల్‌తో నిండిపోయి పిస్టన్ పైకి రాలేక ఆగుతుంది. చిమ్మేటప్పుడు ఎవరి ముఖమూ దగ్గర ఉండకూడదు, బీడీ సిగరెట్ అసలే వద్దు. బ్రేకులకు గాలినిచ్చే, గేరుతో నడిచే ఎయిర్ కంప్రెసర్ పట్టేసినా ఇంజన్ మొత్తం పట్టేసినట్టే ఉంటుంది, దాన్నీ విడదీసి చూడమను. బ్యాటరీలు, సెల్ఫ్ మోటార్ కూడా ఓసారి చూడటం మర్చిపోవద్దు. టకటక శబ్దం వచ్చింది కాబట్టి నీ బండిలో అంత సులువుగా బయటపడతావని అనుకోను గానీ, ఇంజన్ దించిన తర్వాత సెల్ఫ్ మోటారే పోయిందని తేలిన బండ్లు నా కళ్లతో చూశాను.

అదే రోజు స్కానర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఈసీఎంలోని (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ఫాల్ట్ కోడ్లు మొత్తం తీయించి ఫోటోలు పెట్టుకో. వైరింగ్ విప్పకముందే తీయాలి. విప్పడం మొదలయ్యాక కొత్త కోడ్లు పడి పాతవాటితో కలిసిపోతాయి. ఆయిల్ ప్రెషర్ కోడ్ ఎన్నిసార్లు పడింది, ఇంజెక్టర్లకు డీజిల్ అందించే పైపు ఒత్తిడి గురించిన రైల్ ప్రెషర్ కోడ్ ఉందా అన్నది ఇంజెక్టర్ల వైపు దారి చూపిస్తుంది.

ఇవన్నీ అయ్యాక, ఇంజన్ ఛాసిస్ మీద ఉండగానే సంప్ దించి, కనెక్టింగ్ రాడ్లను క్రాంక్‌కు బిగించే బిగ్ ఎండ్ క్యాపులు రెండు మూడు తీసి చూడమను. చాలా బండ్లలో ఇది ఒక పూట పని. దాని కూలీ విడిగా ఇస్తానని ముందే చెప్పు, అప్పుడు మెకానిక్‌కూ ఇబ్బంది ఉండదు. ఒక్క బేరింగ్ పట్టేసి మిగతావి బాగుంటే ఒక లెక్క, రాడ్ విరిగి బ్లాక్ పగిలి ఉంటే పూర్తిగా వేరే లెక్క. 4.6 లక్షలు అనే అంకె ఈ క్యాపు తీయకముందు చెప్పింది. దానికి ఆధారం లేదు.

ఆయిల్‌లో డీజిల్ అని తేలితే రెండు చోట్లు వెతకాలి. నాలుగు నెలల కిందట రిపేరు చేసిన ఇంజెక్టర్లు ఒకటి. అవి సరిగా మూసుకోకపోతే కాలని డీజిల్ లైనర్ (పిస్టన్ తిరిగే గొట్టం) గోడల మీదుగా సంప్‌లోకి దిగుతుంది. రెండోది ఇంజెక్టర్లకు డీజిల్ నెట్టే హై ప్రెషర్ పంపు. దాని షాఫ్ట్ సీల్ పోతే డీజిల్ టైమింగ్ గేర్ల వైపు కారి సంప్‌కు చేరుతుంది. పంపు పోయిందనే అనుమానం ఎవరికీ తొందరగా రాదు. అందుకే ఇంజెక్టర్లతో పాటు పంపును కూడా టెస్ట్ బెంచ్ మీద పెట్టించి, రిపోర్టు కాగితం తీసుకో. నీళ్లు అని తేలితే ఆయిల్ కూలర్, లైనర్ కింద రబ్బరు సీళ్లు, హెడ్ గ్యాస్‌కెట్, హెడ్ పగులు వరసగా చూడాలి. ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) ఉన్న ఇంజన్ అయితే ఈజీఆర్ కూలర్‌కు కూడా ప్రెషర్ టెస్ట్ చేయించాలి.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. 2014లో నా పది టైర్ల బండికి ఇలాగే బేరింగులు పోయాయి. నేను మెకానిక్‌నే అయినా అప్పుడు ఊళ్లో లేను, తెలిసిన షెడ్డులో ఇచ్చాను. క్రాంక్ గ్రైండింగ్ చేసి, కొత్త బేరింగులు, కొత్త ఆయిల్ పంపు వేసి చక్కగా కట్టి ఇచ్చారు. 2,300 కిలోమీటర్లు తిరిగి మళ్లీ పట్టేసింది. విప్పితే కొత్త బేరింగుల నిండా పాత లోహపు రజను గుచ్చుకుని ఉంది. మొదటిసారి అరిగిన రజనంతా ఆయిల్ కూలర్ లోపల దాక్కుంది, దాన్ని ఎవరూ మార్చలేదు, విప్పి కడగనూ లేదు. ఇంజన్ వేడెక్కాక అది మెల్లమెల్లగా వదులుతూ కొత్త క్రాంక్ మీదికి వచ్చింది. రెండోసారి కట్టించడానికి మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టాను. ఆ రోజు నుంచి ఏ ఇంజన్ కట్టినా నేను మొదట అడిగేది కూలర్ గురించే.

కాబట్టి నీ ఎస్టిమేట్‌లో ఇవి ఉన్నాయో లేదో చూడు: ఆయిల్ కూలర్ కొత్తది, టర్బో విప్పి చూడటం, బ్లాక్‌లోని ఆయిల్ దారుల ప్లగ్గులన్నీ తీసి బ్రష్షుతో, గాలితో శుభ్రం చేయడం, పిస్టన్ల కింద ఆయిల్ చిమ్మే జెట్లు, పికప్ జాలీ, ఎయిర్ కంప్రెసర్‌కు వెళ్లే ఆయిల్ లైను. ఇవి లేకుండా లైనర్లు, పిస్టన్లు, రింగులు మాత్రమే రాసి ఉంటే ఆ ఎస్టిమేట్ చౌకగా కనిపిస్తుంది, అంతే.

క్రాంక్ విషయంలో లేత్ వర్క్‌షాపులో మైక్రోమీటర్‌తో కొలిపించు, పగుళ్ల పరీక్ష చేయించు. కొన్ని ఇంజన్ల క్రాంక్‌కు పైపొర గట్టిదనం కోసం ప్రత్యేకంగా ట్రీట్‌మెంట్ చేసి ఉంటుంది, దాన్ని గ్రైండింగ్ చేస్తే ఆ పొర పోతుంది. నీ ఇంజన్‌కు కంపెనీ అండర్‌సైజ్ బేరింగులు, అంటే గ్రైండింగ్‌తో సన్నబడ్డ క్రాంక్‌కు సరిపోయేవి, ఇస్తోందా, ఎంత వరకు అని స్పేర్ కౌంటర్‌లో పార్ట్ నంబరుతో సహా అడిగి తెలుసుకో. వేడికి నీలం రంగు తిరిగిన కనెక్టింగ్ రాడ్‌ను మళ్లీ వేయనివ్వకు. డిగ్రీల లెక్కన బిగించే బోల్టులు సాగుతాయి, అవి కొత్తవే వేయించు. బేరింగులు, ఆయిల్ పంపు, సీళ్లు మాత్రం ఒరిజినల్ తీసుకో, డబ్బు ఆదా చేయాల్సిన చోటు అది కాదు. బిల్లు నీ పేరు మీద, పార్ట్ నంబర్లతో ఉండాలి. పాత సామాను మొత్తం నీకే తిరిగి ఇవ్వమని విప్పకముందే చెప్పు.

ఆటోనగర్ పాత ఇంజన్ సంగతి. బ్లాక్ పగిలిపోయి ఉంటే తప్ప నేను ఆ దారి పట్టను. పట్టాల్సి వస్తే, ఆ ఇంజన్ ఏ బండిది, ఆ బండి ఆర్సీ స్క్రాప్ కింద రద్దయిందా, బిల్లు ఉందా, ఇంజన్ నంబరు చెక్కేసినట్టు ఉందా అని చూడాలి. దొంగ బండి ఇంజన్ అయితే నువ్వు స్టేషన్ చుట్టూ తిరగాలి. ఇంజన్ నంబరు మారితే ఆర్టీఓ ఆఫీసులో ముందే అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోవాలి. లేకపోతే ఫిట్‌నెస్ దగ్గర ఆగిపోతావు, రేపు ఏదైనా యాక్సిడెంట్ జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు ఆ నంబరునే పట్టుకుంటారు. పైగా కామన్ రైల్ ఇంజన్‌లో (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే పైపు నుంచి డీజిల్ అందేది) ఇంజెక్టర్ల కోడ్లు ఈసీఎంలో ఎక్కించాలి, నీ బీఎస్4 వైరింగ్‌కు అది సరిపోవాలి. కంపెనీ రీకండిషన్ చేసి పాతది తీసుకుని ఇచ్చే ఇంజన్ నీ మోడల్‌కు దొరికితే, ఖరీదు ఎక్కువైనా దానికి వారంటీ కాగితం వస్తుంది. డీలర్ దగ్గర ఆ ధర కూడా రాయించుకుని పక్కన పెట్టుకో, మూడు ధరలూ ఎదురుగా ఉంటే మాట్లాడటం తేలిక.

ఇన్సూరెన్స్ గురించి అడిగావు. మామూలు ప్యాకేజీ పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్‌కు, అరుగుదలకు డబ్బు రాదు. కానీ సంప్‌కు రాయి తగిలి పగిలిన గుర్తు ఏదైనా ఉంటే అది ప్రమాదం కిందికి వస్తుంది. అలాంటి గుర్తు కనిపిస్తే అక్కడితో పని ఆపించి, కంపెనీకి ఫోన్ చేసి సర్వేయర్ చూసేదాకా ఏమీ విప్పనివ్వకు. దెబ్బ తగిలాక ఇంజన్ నడిపారు కాబట్టి లోపలి నష్టం ఇవ్వం అని వాళ్లు వాదించవచ్చు, అది కూడా తెలిసి ఉండు. నీ పాలసీలో ఇంజన్ ప్రొటెక్ట్ లాంటి అదనపు కవర్ ఉందేమో కాగితం తీసి చదువు. నీ బండిలో ఆయిల్ తగ్గలేదు కాబట్టి నేను దీని మీద పెద్ద ఆశ పెట్టుకోమనను.

ఇంజెక్టర్లు రిపేరు చేసిన షాపు మాత్రం వేరే సంగతి. బండికి వారంటీ లేకపోయినా వాళ్లు చేసిన పనికి వాళ్లది బాధ్యతే. బిల్లు వెతుకు, గ్యారంటీ ఎన్ని నెలలని రాశారో చూడు. ఇంజెక్టర్లు విప్పాక బెంచ్ టెస్ట్ వాళ్ల షాపులో కాకుండా వేరే చోట చేయించు, వీలైతే వాళ్లను కూడా వచ్చి చూడమని ముందు రోజు మెసేజ్ పెట్టు. సీసాలో ఉంచిన ఆయిల్, కోసిన ఫిల్టర్, ఫాల్ట్ కోడ్ల ఫోటోలు ఇక్కడ పనికొస్తాయి. మర్యాదగా మాట్లాడితే చాలామంది కొంతైనా సర్దుకుంటారు. ససేమిరా అంటే 1915 నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ ఉంది, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. లారీ అంటే వ్యాపారం కదా, వినియోగదారుడివి కావు అని వాళ్ల లాయర్ అనొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఆ మినహాయింపు ఉన్న మాట నిజమే గానీ, సొంతంగా పని చేసుకుంటూ బతుకుదెరువు కోసమే వాడుకునేవాళ్లను వ్యాపారం కింద లెక్కవేయకూడదని అందులోనే ఉంది. ఒక్క బండి, దాని మీదే ఇల్లు గడుస్తోంది అన్నావు కాబట్టి నీకు ఆ వాదన ఉంది. కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు కేసు వేయాలి.

లోడు సంగతి ఈ రోజే చూడాలి, ఇంజన్ కంటే ముందు. సిమెంటు బస్తాలకు తేమ తగిలితే పార్టీ తీసుకోదు, టార్పాలిన్ సరిగా కట్టి ఉందో లేదో ఫోటో పంపమను. సరుకు రవాణాకు ఉండాల్సిన ఈ-వే బిల్లు గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన ఉంటుంది, నీది సుమారు 450 కిలోమీటర్ల దారి కాబట్టి మూడు రోజులు. గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిసిన 8 గంటల తర్వాత దాకా పొడిగించుకోవచ్చు. వేరే లారీలోకి మారిస్తే ఆ బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బిలో కొత్త బండి నంబరు ఎక్కించాకే కదలాలి. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు నిజం చెప్పి ఈ పని వాళ్లతోనే చేయించు. లోడు బండి మీద ఉండగానే ఇంజన్ కట్టే పని పెట్టుకోవద్దు, రెండు మూడు వారాలు సరుకు ఆపితే పార్టీ మళ్లీ పిలవదు.

తుని నుంచి బండిని వేరే చోటికి లాగించాలనుకుంటే, గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పకుండా లాగనివ్వకు. ఇంజన్ తిరగకుండా చక్రాలు తిరిగితే గేర్‌బాక్స్‌లో ఆయిల్ పైకి ఎక్కదు, అది కూడా పోతుంది. ఇంజన్ లేకపోతే గాలి లేదు, గాలి లేకపోతే వెనక బ్రేకులు పట్టుకునే ఉంటాయి, స్టీరింగ్ రాయిలా ఉంటుంది. చైను కట్టి లాగడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే, క్రేనే పెట్టు. ఈసారి హైవే మీద ఆగితే 1033కు ఫోన్ చేయమని డ్రైవర్‌కు చెప్పి ఉంచు, నేషనల్ హైవే పెట్రోలింగ్ బండి, క్రేన్ అక్కడి నుంచే వస్తాయి.

డబ్బు. నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తామని ఎవరో అన్నారని రాశావు. 4 లక్షలకు నెలకు 12,000 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. నీ కిస్తీ 38,000తో కలిపితే నెలకు 50,000. బండి నిలబడి ఉన్న నెలలో ఇది ఎక్కడి నుంచి తెస్తావు? దానికి ముందు నీ ఫైనాన్స్ కంపెనీకి వెళ్లు. కిస్తీ బౌన్స్ అయ్యాక కాదు, ముందే వెళ్లు. ఎస్టిమేట్, షెడ్డులో ఉన్న బండి ఫోటో పట్టుకెళ్లి, కిస్తీల గడువు సర్దమని, లేదా ఇదే బండి మీద టాప్-అప్ ఇవ్వమని కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకో. ఇస్తారో లేదో వాళ్ల చేతిలో ఉంది గానీ, మూడు రూపాయల వడ్డీ ముట్టుకునే ముందు ఈ తలుపు తట్టాల్సిందే.

ఇంజన్ కట్టాక స్టార్ట్ చేసే రోజు నువ్వు అక్కడే ఉండు. డీజిల్ అందకుండా ఆపి, ఆయిల్ ప్రెషర్ గేజ్‌లో ముల్లు లేచేదాకా సెల్ఫ్‌తో తిప్పించి, ఆ తర్వాతే స్టార్ట్ చేయించు. డాష్‌బోర్డు లైటును నమ్ముకోకుండా ముల్లు గేజ్ ఒకటి శాశ్వతంగా పెట్టించుకో. మొదటి వెయ్యి కిలోమీటర్లు తేలిక లోడుతో తిప్పి, ఆయిల్, ఫిల్టర్ మార్చి, ఆ ఫిల్టర్‌ను కూడా కోసి చూడు. రోజూ పొద్దున్నే డిప్‌స్టిక్ ఫోటో డ్రైవర్‌తో వాట్సాప్‌లో పెట్టించుకో. గీత దాటిన రోజు బండి కదలకూడదు.

రేపు ఫిల్టర్ కోశాక ఫోటో, సీసాలోని ఆయిల్ ఫోటో, ఫాల్ట్ కోడ్లు ఇక్కడ పెట్టు. ఎస్టిమేట్ కాగితం కూడా పెట్టు, ఒక్కో లైను చూసి చెబుతాను. ఈ రాత్రికి షెడ్డుకు ఫోన్ చేసి, నేను వచ్చేదాకా సెల్ఫ్ కొట్టొద్దు, ఏదీ విప్పొద్దు అని ఒక్క మాట చెప్పి పడుకో.